మన అమ్మాయిలను కొండలకు పంపవచ్చునా?

యౌవన స్త్రీల పాఠము



రెండు సంవత్సరముల క్రిందట మా కోలారు గనుల ఊరి సంఘములోని ఒక అమ్మాయికి, బడిలోని గైడ్ల దళము ద్వారా, పరదేశములో జరిగే శిబిరమునకు ఎంపికైనట్లు ఉత్తరము వచ్చింది. అప్పుడామెకు పదిహేనేండ్లు. మొత్తము పది రోజులు. సగము రోజులు కొండలలో నడక, సగము రోజులు ఒక గ్రామములో సేవ. తండ్రి ఆ ఉత్తరము చేతబట్టుకొని ఆదివారము ఆరాధన తరువాత నా దగ్గరకు వచ్చి, "అక్కయ్యగారూ, మీరేమంటారు?" అని అడిగాడు. ఆయన అడిగిన తీరులోనే వద్దనమని కోరుతున్నట్లు తోచింది. నేను ఆ కాగితమును రెండవసారి చదువకుండానే వద్దన్నాను. ఆడపిల్ల, దూరదేశము, కొండలు, ఈ మూడు మాటలు చాలినవి నాకు.

ఆ అమ్మాయి ఏడవలేదు, అలుగలేదు. ఆదివారపు బడికి ఎప్పటివలెనే వస్తూ ఉండేది. కాకపోతే ముందు వరుసలో కూర్చునేది వెనుక వరుసకు మారింది. ఈ సంవత్సరము ఆమె చెల్లెలికి అటువంటి ఉత్తరమే వచ్చింది. ఈసారి తండ్రి రాలేదు. పిల్లే వచ్చి, "టీచరమ్మా, అక్కకు వద్దన్నారు కదా. ఎందుకు వద్దన్నారో నాకు చెప్పండి. సరైన కారణమైతే నేనూ మానుకుంటాను" అన్నది. నా దగ్గర కారణము లేదు. భయము మాత్రము ఉన్నది. భయమును కారణమని చెప్పి పిల్లలను ఒప్పించే వయస్సు నాకు దాటిపోయింది. అందుచేత కొంత చదివి, కొందరిని అడిగి, తెలిసినంత ఈ పాఠముగా వ్రాస్తున్నాను. మీ సంఘములలో కూడా ఇటువంటి ఉత్తరము నేడో రేపో వస్తుంది.

మొదట ఇది కొత్త వింత కాదని గ్రహించవలెను. 1909 సెప్టెంబరులో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో బాలుర స్కౌట్లు పెద్ద సమావేశము జరుపుకొన్నారు. ఎవరూ పిలువకుండానే కొందరు ఆడపిల్లలు తమంతట తాము యూనిఫారము కుట్టించుకొని వచ్చి, మాకు కూడా ఇది కావలెనని నిలబడ్డారు. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1910లో, బాలికల గైడ్ల సంస్థ ఏర్పడింది. స్కౌటు ఉద్యమమును స్థాపించిన బేడన్ పవెల్ గారి చెల్లెలు ఆగ్నెస్ దానికి బాధ్యత వహించింది. ఆ రోజులలో ఇంగ్లండు పెద్దమనుష్యులు కూడా మనవలెనే గొణిగారు. ఆడపిల్లలు గుడారములలో పడుకొనుటయా, బురదలో నడచుటయా అని. మన దేశములో మొదటి దళము 1911లో జబల్‌పూరులో ప్రారంభమైంది. అయితే మొదట అది తెల్లవారి పిల్లలకు, ఆంగ్లో ఇండియను పిల్లలకు మాత్రమే. భారతీయ బాలికలకు తలుపు తెరచినది 1916లో. ఈ సంగతిని మన పిల్లలకు చెప్పవలెను. ఇప్పుడు వారికి వచ్చిన ఉత్తరము వారి ముత్తవ్వలకు వచ్చేది కాదు.

1928లో దేశదేశముల గైడ్లు కలిసి ప్రపంచ సంఘము ఏర్పరచుకొన్నారు. నాలుగేండ్లకు, 1932లో, స్విట్జర్లాండులోని ఆడెల్‌బోడెన్ అనే కొండ ఊరిలో బాలికల కొరకే ఒక ఇల్లు తెరిచారు. బోస్టనుకు చెందిన హెలెన్ స్టారో అనే ధనవంతురాలు దానికి ఖర్చు పెట్టింది. వేరు వేరు దేశముల పిల్లలు అక్కడ కలిసి వండుకొని తిని, మంచు కొండలు ఎక్కి, ఒకరి పాట ఒకరు నేర్చుకొనుట దాని పని. మొదటి యుద్ధము ముగిసి అప్పటికి పదునాలుగేండ్లే. తండ్రులు ఒకరినొకరు కాల్చుకొన్న దేశముల కూతుళ్ళు ఒకే గదిలో పడుకొన్నారు. 1957లో మెక్సికోలోని కువెర్నవాకాలో మరియొక కేంద్రము తెరిచారు.

ఆసియాకు వచ్చిన కేంద్రము ఎక్కడో కాదు, పూణెలోనే. 1966 అక్టోబరు 16న ములా నది ఒడ్డున, ఆళంది రోడ్డు మీద, "సంగం" అనే పేరుతో దానిని తెరిచారు. పూణెలో ఉన్న మన వారిలో ఎంతమంది ఆ గేటు ముందర నుండి బస్సులో వెళ్ళి ఉంటారో! షోలాపూరు నుండి మగ్గము పనికి, మిల్లు పనికి వచ్చి స్థిరపడిన మన కుటుంబముల పిల్లలకు అది నడిచిపోయేంత దూరములో ఉన్నప్పుడు, ఆస్ట్రేలియా నుండి, ఇంగ్లండు నుండి, అమెరికా నుండి యువతులు విమానమెక్కి అక్కడికి వస్తూ ఉండినారు. చీర కట్టుకొనుట నేర్చుకొన్నారు, రోటీ చేయుట నేర్చుకొన్నారు, పూణెలోని సేవా సంస్థలలో కొన్ని వారములు పని చేసి వెళ్ళారు. మనకు పరదేశము ఏదో, వారికి మన వీధి అదే. పంపే తల్లిదండ్రుల భయము అక్కడా ఇక్కడా ఒకటే అని నాకు దీనివలన తెలిసింది. మన పూణె గురించి వారి తల్లులు ఎన్ని రాత్రులు నిద్ర మానుకొన్నారో.

ఇక కొండల సంగతి. మన తెలుగు పిల్లలకు ఇది పనికిరాదనేవారికి ఒక్క పేరు చెప్పితే చాలు. మాలావత్ పూర్ణ. నిజామాబాదు ప్రాంతములోని పాకాల గ్రామపు పిల్ల, కూలి నాలి చేసుకొనే గిరిజన కుటుంబము, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. 2014 మే 25న, పదమూడేండ్ల పదకొండు నెలల వయస్సులో, ఎవరెస్టు శిఖరము మీద నిలబడింది. అంత చిన్న వయస్సులో ఆ శిఖరమెక్కిన బాలిక అంతకు ముందు లేదు. ఖమ్మము వైపు నుండి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే కుర్రవాడు కూడా ఆమెతో ఎక్కాడు. నేపాలు వైపు నుండి పదహారేండ్లు నిండని వారిని ఎక్కనివ్వరు గనుక వారు టిబెట్టు వైపు నుండి ఎక్కారు.

మనము సాధారణముగా ఆ శిఖరమును, ఆ జెండాను, ఆ ఫొటోను చూస్తాము. నేను చూడమనేది దానికి ముందు జరిగిన దానిని. గురుకుల పాఠశాలలలో వంద మందికి పైగా పిల్లలను ఏరి భువనగిరి కోట ఏకశిల మీద తాడు పట్టుకొని ఎక్కుట నేర్పారు. వారిలో కొందరినే డార్జిలింగులోని పర్వతారోహణ సంస్థకు పంపారు. అక్కడ మంచులో నిలిచిన వారిని మళ్ళీ వడకట్టి, చలికాలములో లడక్కు తీసుకుపోయారు. చివరకు ఇద్దరు మిగిలారు. ఎవరెస్టు దగ్గర వారు ఉన్న కాలములోనే, 2014 ఏప్రిల్ 18న, నేపాలు వైపున మంచు చరియ విరిగిపడి పదహారు మంది మరణించారు. పిల్లలు నడిచే దారి అది కాదు గాని, ఆ వార్త ఇంటికి వచ్చినప్పుడు ఆ తల్లిదండ్రుల గుండె ఏమైయుంటుందో మనము ఊహించుకొనవచ్చును. కొండ ఆట కాదు. పిల్లను మెట్టు మెట్టుగా సిద్ధపరచినందువలననే ఆమె తిరిగి వచ్చింది. తరువాత ఆమె ఏడు ఖండములలోని ఎత్తైన శిఖరములను ఎక్కుట 2022లో పూర్తి చేసింది.

మన పిల్లలను ఎవరెస్టుకు ఎవరూ పంపమనడము లేదు. అయితే భువనగిరి లేనిదే ఎవరెస్టు లేదన్న మాట పది రోజుల శిబిరమునకు కూడా వర్తిస్తుంది. పదిహేనేండ్ల పిల్ల తన సంచి తానే మోసి, తన పడక తానే వేసుకొని, వాన పడితే తడిసిన బట్టలతోనే నవ్వుకొని, అలిసిపోయిన తోటి పిల్ల కొరకు ఆగి నడిచిన రోజులు ఆమెకు ఏమి చేస్తాయో ఆలోచించండి. మన ఇండ్లలో ఆడపిల్ల బాగా చదువుతుంది, బాగా పాడుతుంది, వంట చేస్తుంది. తాను తప్పిపోతే దారి కనుగొనగలనన్న ధైర్యము మాత్రము మనము నేర్పము. పెండ్లి తరువాత ఒక్కసారిగా కొత్త ఊరికి పంపినప్పుడు ఆ ధైర్యము ఎక్కడ నుండి వస్తుందనుకొంటాము?

ఇప్పుడు సేవ సంగతికి వస్తాను. ఇక్కడ నా మనస్సు అంత సులువుగా ఒప్పుకొనలేదు.

పిప్పా బిడిల్ అనే అమెరికా రచయిత్రి తన బడి రోజుల అనుభవమును 2014లో వ్రాసింది. ఖరీదైన వసతి పాఠశాలలో చదివే ఆడపిల్లలు, తలకు మూడువేల డాలర్లు కట్టి, ఆఫ్రికాలోని టాంజానియాకు సేవకు వెళ్ళారు. ఒక వారము అనాథాశ్రమములో గ్రంథాలయము కట్టడము, తరువాత వారము అడవి జంతువులను చూడడము. పిల్లలు పగలంతా ఎండలో ఇటుకలు పేర్చారు. వారు పేర్చిన గోడ ఎంత వంకరగా ఉండేదంటే, రాత్రివేళ ఆ ఊరి మనుష్యులు దానిని విప్పి, మళ్ళీ నిటారుగా కట్టి, తెల్లవారేసరికి పిల్లలకు తెలియకుండా ఉంచేవారు. పిల్లల మనస్సు నొచ్చుకొనకూడదని! సేవ ఎవరు ఎవరికి చేశారు? ఆ డబ్బుతో ఊరి తాపీవారికి కూలి ఇచ్చియుంటే గ్రంథాలయము ముందే లేచేది, నాలుగు ఇండ్లలో పొయ్యి వెలిగేది. దీనిని ఒక విరోధి వ్రాయలేదు, ఇటుకలు పేర్చిన పిల్లే పెద్దదై వ్రాసింది. అందుకే నేను దానిని నమ్ముతున్నాను.

అనాథాశ్రమముల సంగతి ఇంకా బాధాకరము. సందర్శకులు, వారి కానుకలు వస్తూ ఉండుట చూచి, కొన్ని దేశములలో పిల్లలను తల్లిదండ్రుల నుండి తెచ్చి ఆశ్రమములలో పెట్టుట ఒక వ్యాపారమైపోయింది. అనాథలని చెప్పబడే పిల్లలలో చాలామందికి తల్లి గాని తండ్రి గాని సజీవులై ఉన్నారని కాంబోడియా, నేపాలు వంటి చోట్ల తేలింది. ఆస్ట్రేలియా దేశము 2018లో ఆధునిక బానిసత్వమును గూర్చి చట్టము చేసినప్పుడు ఇటువంటి పిల్లల తరలింపును కూడా లెక్కలోనికి తీసుకొన్నది. వ్యాపారము లేని మంచి ఆశ్రమములోనైనా ఒక చిక్కు ఉంది. పది రోజులకొక కొత్త అక్క వచ్చి ఎత్తుకొని ముద్దాడి వెళ్ళిపోతే, ఆ పసివాడు పదిసార్లు విడిచిపెట్టబడినట్లే.

ఇది వ్రాస్తూ ఉండగా నాకు మన హాస్టళ్ళు జ్ఞాపకము వచ్చాయి. అతిథులు వస్తున్నారంటే పిల్లలకు బడి మాన్పించి, ఎండలో వరుసలో నిలబెట్టి, పూలదండలు చేతికిచ్చి పాటలు పాడించిన వారిలో నేనూ ఒకతెను. బహుమతి బిస్కెట్ల పొట్లములు అందుకొంటున్న పిల్లల ఫొటోలు తీయించాము. మనకు తెలియక చేసినదే అయినా, ఎవరో పరదేశపు పిల్లల యాత్రలో మన పిల్లలు చూడదగిన వస్తువులైనారు. కాబట్టి మన పిల్ల వెళ్ళేచోట కూడా అవతల ఒక పిల్ల వరుసలో నిలబడి ఉంటుందని మరువకూడదు.

అయితే సేవ మానుకొమ్మందునా? లేదు. సేవ ఎలా నేర్పవలెనో ఆలోచించిన వారు కూడా ఉన్నారు. ఎడిన్‌బరో డ్యూకు పేరిట 1956లో ఇంగ్లండులో బాలుర కొరకు ఒక పురస్కారము మొదలైంది, 1958 నుండి బాలికలను చేర్చుకొన్నారు. మన దేశములో కూడా అది 1962 నుండి ఉన్నది. పదునాలుగేండ్లు నిండిన పిల్లలు చేరవచ్చును. అందులో కొండల ప్రయాణము ఒక భాగము, సేవ వేరొక భాగము. మొదటి మెట్టు అయిన కాంస్య పురస్కారమునకు ప్రయాణము రెండు పగళ్ళు ఒక రాత్రి మాత్రమే, దానికీ ముందుగా శిక్షణ, అభ్యాసపు నడక ఉండి తీరవలెను. సేవ అనేది ఒక్కసారి వెళ్ళి చేసి వచ్చేది కాదు. వారము వారము, నెలల తరబడి, ఇంటి దగ్గరే చేయవలెను. ముసలివారికి చదివి వినిపించుట, చిన్నపిల్లలకు లెక్కలు నేర్పుట, ఆసుపత్రిలో సహాయము. నాకు ఈ పద్ధతి నచ్చింది. సేవ తన ఊరిలో నేర్చుకొన్న పిల్ల పరదేశము వెళితే అక్కడ ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఆమెకే తెలుస్తుంది. ఇక్కడ ఎన్నడూ పాత్ర కడగని పిల్ల అక్కడికి పోయి గోడ కట్టబోవడము నవ్వులాట.

అందుచేత ఉత్తరము వచ్చినప్పుడు పిలిచిన వారిని అడుగవలసిన మొదటి ప్రశ్న డబ్బును గూర్చి కాదు. పిల్లలు రాకపోతే ఆ పని ఎవరు చేస్తారు? వారికి దొరికే కూలిని మనము తీసివేస్తున్నామా? ఆ ఊరివారు ఈ పని కావలెనని అడిగారా, లేక మనమే ఎన్నుకొన్నామా? అనాథాశ్రమ సందర్శన ఉన్నదంటే ఆ భాగము మాన్పించమని చెప్పండి, మాన్పించకపోతే పంపవద్దు. దారి బాగుచేయుట, మొక్కలు నాటుట, బడి పిల్లలతో కలిసి ఆటలాడి వారి భాష నాలుగు మాటలు నేర్చుకొనుట, ఇవి హాని లేనివి. సేవకన్నా నేర్చుకొనుటకే వెళ్తున్నామని పిల్లకు ముందే చెప్పండి.

చెల్లెలికి వచ్చిన ఉత్తరములో ఉన్నది నేపాలు. పొఖరా నుండి ఘోరేపానీ మీదుగా పూన్‌హిల్ అనే చోటికి నడక, ఎత్తు 3,210 మీటర్లు. పాత దారిలో ఉల్లేరి గ్రామమునకు మూడువేలకు పైగా రాతిమెట్లు ఉన్నాయి. మనకు తిరుపతి మెట్లు తెలుసు, వాటి వలెనే అనుకొంటే తప్పు. ఎత్తు 2,500 మీటర్లు దాటితే గాలి పలుచనవుతుంది. తలనొప్పి, వాంతి, నిద్రపట్టకపోవుట, తూలుట కనబడితే అది అలసట కాదు, ఎత్తు వలన వచ్చే జబ్బు. దానికి బలమున్నవారు, లేనివారు అనే భేదము లేదు, క్రీడాకారిణికీ వస్తుంది. మూడువేల మీటర్లు దాటిన తరువాత పడుకొనే చోటు రోజుకు మూడు నుండి ఐదువందల మీటర్లకు మించి పెరుగకూడదని వైద్యులు చెప్తారు. జబ్బు ఎక్కువైతే క్రిందికి దిగుటే మందు, రాత్రియైనా సరే. పిల్లలు సిగ్గుపడి, గుంపును ఆపినట్లవుతుందని తలనొప్పి దాచిపెడతారు. ఇది వారితో గట్టిగా చెప్పవలసిన మాట. కాలము కూడా చూడండి. జూను నుండి సెప్టెంబరు వరకు అక్కడ వానలు, జారుడు, జలగలు. అక్టోబరులో ఆకాశము తేటగా ఉంటుంది. మన దసరా సెలవులు సరిగా అప్పుడే, కాని వారికీ దశైం అనే పెద్ద పండుగ గనుక బస్సులలో చోటు దొరకదు.

మరియొక సంగతి. దీనిని మన పత్రికలలో ఎవరూ వ్రాయరు, తల్లులు కూడా చెప్పరు, అయినా వ్రాస్తున్నాను. ప్రయాణపు శ్రమలో, చలిలో, పిల్లలకు నెలసరి తేదీ తప్పి ముందుగానో వెనుకగానో రావచ్చును. ఆ రోజు నడక మానవలసిన పని లేదు, కడుపునొప్పి లేకపోతే నడవవచ్చును. కాని సరిపడిన బట్ట గాని ప్యాడ్లు గాని, వాడినవి దాచి క్రిందికి తెచ్చుకొనుటకు గట్టి సంచి, సంచిలో అందే చోట ఉండవలెను. కొండ మీద పారవేయుటకు చోటు లేదు. ఈ మాట అడుగుటకు పిల్లతో ఒక స్త్రీ నాయకురాలు ఉండి తీరవలెను. ఒకరు కాదు, ఇద్దరు ఉండవలెను, ఒకరు జబ్బుపడిన పిల్లతో దిగిపోతే మిగిలిన వారితో ఒకరు ఉండాలి. ఏ పెద్దవారైనా, స్త్రీ అయినా పురుషుడైనా, ఒక్క పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదన్న నియమము ఆ గుంపుకు వ్రాతపూర్వకముగా ఉన్నదా అని అడగండి. అడిగితే మర్యాద కాదేమోనని వెనుదీయకండి. మంచి నాయకులు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

కాగితముల పని త్వరగా చెప్పి ముగిస్తాను. నేపాలుకు మనకు వీసా అక్కరలేదు, అయినా పిల్ల చేతిలో పాస్‌పోర్టు ఉండుట మేలు. పద్ధెనిమిదేండ్లు నిండని వారి పాస్‌పోర్టుకు తల్లి, తండ్రి ఇద్దరి సంతకములతో అంగీకార పత్రము ఇవ్వవలెను. తండ్రి గల్ఫులో ఉన్న కుటుంబములు దీనికి ముందుగా సమయము ఉంచుకొనండి. భీమా తీసుకొంటే చిన్న అక్షరములు చదవండి, కొన్నింటిలో ఫలానా ఎత్తు దాటితే వర్తించదని ఉంటుంది. కొండ మీద నుండి హెలికాప్టరులో దింపవలసి వస్తే ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకొనవలెను.

నేను పోయిన నెల వారి ఇంటికి వెళ్ళి తండ్రితో ఇవన్నీ చెప్పాను. ఆయన చాలాసేపు మాటాడలేదు. తరువాత, "అక్కయ్యగారూ, పెద్దదానికి వద్దన్నప్పుడు మీరు ఇంత చదవలేదా?" అన్నాడు. లేదని చెప్పాను. పెద్దమ్మాయి లోపల బియ్యము ఏరుతూ వింటున్నది. ఆమె దగ్గరకు వెళ్ళి క్షమించమని అడిగాను. "పోనీలెండి టీచరమ్మా" అని తల ఎత్తకుండా అన్నది. అది క్షమాపణో కాదో నేను తేల్చుకొనలేకున్నాను.

పంపే మాట ఇంకా తేలలేదు, తల్లి సంతకము మిగిలి ఉన్నది. ఈలోగా శనివారములు పిల్లలిద్దరూ మొదటి బస్సుకు కోలారు వెళ్ళి అంతరగంగ కొండ ఎక్కి వస్తున్నారు. చెల్లెలు వీపు మీద ఐదు కిలోల బియ్యము వేసుకొంటుంది. కొత్త బూట్లు మడమ దగ్గర కొరికి బొబ్బ లేచింది. ఆ బూట్లను ఇంటిలోనే రోజూ సాయంత్రము రెండు గంటలు వేసుకొని తిరుగమని అక్కే చెప్పిందట. ఇప్పుడు కొంచెము మెత్తబడ్డాయని నిన్న చెల్లెలు వచ్చి చూపించి వెళ్ళింది.